ఐఎల్‌ఎఫ్ రైజర్‌కు లాంగ్‌బో లింబ్‌లు పెట్టవచ్చా?

పెట్టవచ్చు, లింబ్‌లకు ఐఎల్‌ఎఫ్ ఫిట్టింగ్ ఉంటేనే. రైజర్ అంటే విల్లు మధ్యలోని పిడి భాగం, లింబ్‌లు దానికి పైనా కిందా అమరే వంగే భాగాలు, ఐఎల్‌ఎఫ్ వాటిని అమర్చే ఉమ్మడి ప్రమాణం, లాంగ్‌బో సంప్రదాయ పొడవాటి విల్లు. బోల్టు రంధ్రాలున్న లింబ్‌లు ఇందులో కూర్చోవు. ఆ రంధ్రాన్ని కోసి గాడి చేయకండి, లాగినప్పుడు అక్కడే చీలుతుంది.

లింబ్ మీది పౌండ్లు (తాడు లాగడానికి కావలసిన బలం) ఏ రైజర్ పొడవుకు రాశారో చూడండి, తరచుగా 25 అంగుళాలకే. 21 అంగుళాల రైజర్‌పై అదే లింబ్‌ను లాగడానికి కొన్ని పౌండ్లు ఎక్కువ బలం కావాలి. చాలామంది ఇక్కడే పొరబడతారు.

రైజర్‌పై లింబ్‌లను సర్దే రెండు లింబ్ బోల్టులనూ సమంగా తిప్పండి. తయారీదారు చెప్పిన హద్దు దాటి వదులు చేస్తే లింబ్ ఊడి గాయమవుతుంది. బాణానికి పైన ఒకటి, కింద రెండు వేళ్లతో పట్టేవారికి పై టిల్లర్ (లింబ్ మొదలు నుంచి తాడుకు దూరం) కింది దానికంటే 3–6 మి.మీ. ఎక్కువుండాలి, మూడూ కిందే పెడితే దాదాపు సమానం. లింబ్ కొనలకు బలపరిచిన పొర లేకపోతే డాక్రాన్ (కొంచెం సాగే పాలియెస్టర్) తాడే వాడండి.

లోహపు రైజర్‌తో చాలా పోటీల్లో ఈ విల్లు లాంగ్‌బో విభాగంలోకి రాదు.