బీబీఏ దరఖాస్తుల గురించి మేనకోడలికి

అనంతపురం,
డిసెంబరు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఇంటర్ తర్వాత బీబీఏ (వ్యాపార నిర్వహణ డిగ్రీ) చదవడానికి నువ్వు ఎంచుకుని వాట్సాప్‌లో పంపిన కళాశాలల పట్టిక చూశాను. పదకొండు కళాశాలల్లో ఎనిమిది బెంగుళూరువి, రెండు హైదరాబాదువి, ఒకటి చెన్నైది. సీమలోది ఒక్కటీ లేదు. ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో కామర్సు చెప్పి, అందులో చాలా ఏళ్ళు అడ్మిషన్ల బల్ల దగ్గర కూర్చున్నవాణ్ణి కాబట్టి, ఆ పట్టిక ఎలా తయారై ఉంటుందో ఊహించగలను. ప్రొద్దుటూరు బస్టాండు ఎదుట కనిపించే హోర్డింగులు, ఇంటికి ఫోన్ చేసే కన్సల్టెంట్లు, ఇంటర్నెట్టులో ముందుగా కనబడే ప్రకటనలు కలిసి దానిని తయారుచేసి ఉంటాయి. ఇందులో నీ తప్పేమీ లేదు. చవకైన కళాశాలలకు ప్రకటనలకు పెట్టే డబ్బు ఉండదు, అందుకే అవి మన కంటపడవు.

మీ బావ విషయంలో నేనే ఈ పొరపాటు చేశాను. బెంగుళూరులో ఒక ప్రైవేటు కళాశాల ఏడాదికి 1,20,000 రూపాయలు అంటే, మూడేళ్ళకు 3,60,000 అవుతుందని కాగితం మీద వేసుకుని చేర్పించాను. ఫీజు రెండో ఏడాది 1,32,000, మూడో ఏడాది 1,45,000 అయింది. హాస్టలుకు ఏడాదికి 90,000 చొప్పున కట్టాం. చేరేటప్పుడు ఏవేవో పేర్లతో 25,000, చివరి ఏడాది పారిశ్రామిక యాత్ర అని 40,000 తీసుకున్నారు. అన్నీ కలిపితే 7,32,000 తేలింది. కామర్సు మాస్టారుగా ఎందరికో ఖర్చుల పద్దు రాయడం నేర్పినవాడిని, నా ఇంటి పద్దులో మాత్రం సగం అంశాలు వదిలేశాను. చదువు ముగిశాక వాడికి దొరికిన మొదటి జీతం నెలకు 18,000. ఈ రోజు వాడు బాగానే ఉన్నాడు కానీ, అది వాడు తర్వాత పడిన కష్టం వల్లనే తప్ప ఆ కళాశాల వల్ల కాదు.

కాబట్టి ఏ కళాశాలకు ఫోన్ చేసినా ‘ఫీజు ఎంత’ అని అడగవద్దు. ‘నేను చేరిన రోజు నుంచి డిగ్రీ చేతికి వచ్చే రోజు దాకా మీకు కట్టవలసినది మొత్తం ఎంత, ఏటేటా ఎంత పెరుగుతుంది, ఆ మాట రాతపూర్వకంగా ఇస్తారా’ అని అడుగు. రాసివ్వము అన్నవాళ్ళను పట్టికలోంచి కొట్టేయవచ్చు. హాస్టలు, మెస్సు, పరీక్ష ఫీజులు, ఏడాదికి నాలుగైదు సార్లు ఇంటికి వచ్చిపోయే ఖర్చు నువ్వే విడిగా కలుపుకోవాలి. ఇప్పుడు డిగ్రీలో నాలుగో ఏడాది ఆనర్సు కూడా ఉంది. మూడేళ్ళకే డిగ్రీ పుచ్చుకుని బయటికి రావచ్చు కనుక మూడేళ్ళకు ఒక లెక్క, నాలుగేళ్ళకు ఒక లెక్క వేసుకో.

ఇక మన దగ్గర ఉన్న దారులు. మన రాష్ట్రంలో డిగ్రీ ప్రవేశాలు ఆన్‌లైనులో జరుగుతాయి. ఇంటర్ ఫలితాల తర్వాత ఉన్నత విద్యామండలి ప్రకటన ఇస్తుంది, రిజిస్ట్రేషన్ చేసుకుని వెబ్ ఆప్షన్లు, అంటే మనకు కావలసిన కళాశాలలను వరుసగా, పెట్టుకోవాలి. మీ ఊళ్ళోనే ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఉంది. కడపలో, కర్నూలులో, ఇక్కడ అనంతపురంలో ఆడపిల్లలకు ప్రత్యేకంగా ప్రభుత్వ కళాశాలలు ఉన్నాయి. 1916లో సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజీగా మొదలైన ఇక్కడి ఆర్ట్స్ కళాశాల సంగతి నీకు తెలిసిందే. వీటిలో ప్రభుత్వ ఫీజు ఎంత తక్కువంటే, బెంగుళూరు హాస్టలులో ఒకటి రెండు నెలల ఖర్చుతో ఇక్కడ ఏడాది గడుస్తుంది. ఏ కళాశాలలో బీబీఏ ఉందో, ఎక్కడ బీకాం మాత్రమే ఉందో ఆ ఏటి ఆప్షన్ల జాబితాలోనే చూసుకోవాలి. బీకాం అని చిన్నచూపు చూడకు. ఐఐఎంలలో ఎంబీఏ ప్రవేశానికి జరిగే క్యాట్ రాయడానికి ఏ డిగ్రీ అయినా సరిపోతుంది, మార్కులు యాభై శాతం ఉంటే చాలు. మన రాష్ట్రంలో ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్‌కు కూడా బీబీఏయే కావాలనే నియమం లేదు. సి.ఎ. వైపు మనసు పోతే బీకామే ఎక్కువ కలిసివస్తుంది.

మీ నాన్న గుమాస్తా జీతం చూస్తే మీ కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షల లోపే ఉంటుంది కనుక ఫీజు రీయింబర్స్‌మెంటుకు నీకు అర్హత ఉంటుంది. అయితే ప్రభుత్వ కౌన్సెలింగు ద్వారా నింపే కన్వీనరు కోటాలో సీటు వస్తేనే అది వర్తిస్తుంది, మేనేజ్‌మెంట్ కోటాకు వర్తించదు. నీ పట్టికలోని బెంగుళూరు కళాశాలల్లో చేరితే ఆ సాయాన్ని వదులుకున్నట్లే. ప్రైవేటు కళాశాలలో చేరితే ఇంకొక చిక్కు కూడా ఉంది: ప్రభుత్వం డబ్బు ఆలస్యంగా విడుదల చేసినప్పుడు, ముందు మీరు కట్టండి, వచ్చాక తిరిగి ఇస్తాం అని తల్లిదండ్రుల మీద ఒత్తిడి వస్తుంది. ఒక ఏడాది ఫీజు చేతిలో ఉంచుకోమని మీ అమ్మకు చెప్పు.

నీకు తప్పకుండా దరఖాస్తు చేయమని చెప్పేది శ్రీ సత్యసాయి ఉన్నత విద్యా సంస్థకు. 1968లో మొదలైన ఆడపిల్లల కళాశాలే ఇప్పుడు దాని అనంతపురం ప్రాంగణం. అక్కడ బీకాం ఆనర్సు ఉంది. బోధనా రుసుము తీసుకోరు. ప్రవేశానికి వాళ్ళ పరీక్ష, ఇంటర్వ్యూ వేరుగా ఉంటాయి, దరఖాస్తులు కూడా ముందుగానే ముగుస్తాయి. క్రమశిక్షణ చాలా కఠినం. హాస్టలు జీవితం నీకు సరిపడుతుందో లేదో ఒకసారి వచ్చి చూసుకున్నాకే నిర్ణయించుకో. ప్రాంగణం మా ఇంటికి దగ్గరే.

ఇంటర్‌లో నీది ఎంఈసీ (గణితం, ఆర్థికశాస్త్రం, కామర్సు) కావడం ఒక అదృష్టం. కేంద్ర విశ్వవిద్యాలయాలలో డిగ్రీ సీట్లు 2022 నుంచి సీయూఈటీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష ద్వారా నింపుతున్నారు, ఆ పరీక్షను తెలుగులో కూడా రాయవచ్చు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో షహీద్ సుఖ్‌దేవ్ కళాశాల వంటి చోట్ల ఉన్న బీఎంఎస్‌ (మేనేజ్‌మెంట్ డిగ్రీ)కు ఒక భాష, గణితం, జనరల్ టెస్టు రాయాలి. గణితం లేని సీఈసీ పిల్లలకు ఆ తలుపు తెరుచుకోదు, నీకు తెరిచే ఉంది. ఫీజు బెంగుళూరు ప్రైవేటు కళాశాలల ఫీజులో చిన్న భాగమే. ఖర్చంతా గది అద్దెలోనే ఉంటుంది. పోటీ తీవ్రంగా ఉంటుంది, అయినా దరఖాస్తు చేయడానికి అయ్యే ఖర్చు స్వల్పం. గడువు మాత్రం నీ ఇంటర్ పరీక్షల హడావిడిలోనే వచ్చి పోతుంది. ఏటా నా దగ్గరికి వచ్చే మంచి పిల్లలలో సగం మంది ఆ తేదీ దాటిపోయాకే వచ్చేవారు. ఇండోర్ ఐఐఎం ఐదేళ్ళ కోర్సు గురించి అడిగావు. దాని మొత్తం ఖర్చు పాతిక లక్షలకు పైమాటే, కాబట్టి ఈ లేఖలో దానికి చోటు లేదు.

మంచి చెడ్డలు తేల్చుకోవడం గురించి కొంచెం వివరంగా రాస్తాను. హోర్డింగు మీద ‘అత్యధిక ప్యాకేజీ’ అని రాస్తే అది ఒక్క విద్యార్థి సంగతి. మనకు కావలసినది మధ్యస్థ వేతనం: ఉద్యోగం వచ్చిన వందమందిని జీతం ప్రకారం వరుసలో నిలబెడితే నడుమ ఉన్నవాడి జీతం. కేంద్ర ప్రభుత్వం విద్యాసంస్థలకు ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల కోసం కళాశాలలు ఇచ్చే వివరాల పత్రంలో మూడేళ్ళ డిగ్రీ ఎంతమంది పూర్తిచేశారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, మధ్యస్థ వేతనం ఎంత, పైచదువులకు ఎంతమంది వెళ్ళారు అన్నవి విడివిడిగా ఉంటాయి. అవి కళాశాల స్వయంగా చెప్పుకున్న అంకెలే అని గుర్తుంచుకుని చదవాలి. వివరాలే సమర్పించని కళాశాల ఉంటే, ఎందుకు సమర్పించలేదని అడుగు. ఎన్ఐఆర్ఎఫ్ ప్రకటించే మేనేజ్‌మెంట్ ర్యాంకు ప్రధానంగా ఎంబీఏ చదువును చూసి ఇచ్చేది, దానిని చూపించి బీబీఏ సీటు అమ్మేవారిని నమ్మవద్దు. విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నడిచే కళాశాల అయితే 2024–25 నుంచి బీబీఏకి ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యామండలి) అనుమతి కూడా ఉండాలి, ఆ పత్రం చూపమని అడగడానికి మొహమాటపడకు. అన్నిటికన్నా మేలైన పని, ఒక పూట వెళ్ళి మూడో ఏడాది పిల్లలతో గేటు బయట టీ బంకు దగ్గర మాట్లాడడం. గత ఏడాది అకౌంట్సు చెప్పిన మాస్టారు ఈ ఏడాది ఉన్నారా అని అడుగు; లేరంటే ఎందుకు లేరో వాళ్ళే చెబుతారు.

అప్పు సంగతి మీ నాన్నకు చదివి వినిపించు. ఐదు లక్షల విద్యారుణం 11 శాతం వడ్డీకి తీసుకుని ఏడేళ్ళలో తీర్చాలంటే, చదువుకాలంలో పేరుకునే వడ్డీని పక్కన పెట్టినా నెలకు 8,500 పైన కట్టాలి. మీ బావ మొదటి జీతంలో అది దాదాపు సగం. ఎంబీఏకి అప్పు చేయవలసి రావచ్చు, ఆ అప్పుకు మనసు సిద్ధం చేసుకోండి. డిగ్రీకి మాత్రం మీ నాన్న మంగళసూత్రాల దుకాణంలో పనిచేసి కూడబెట్టిన దానిని, ఇంట్లో ఉన్న బంగారాన్ని తాకకుండా గడవాలని నా ఉద్దేశం.

నీ పదకొండింటిలో రెండింటిని ఉంచుకో, అవి కూడా మొత్తం ఖర్చు రాసిచ్చినవే అయి ఉండాలి. వాటికి సత్యసాయి ప్రాంగణం, సీయూఈటీ, ప్రభుత్వ కళాశాలల వెబ్ ఆప్షన్లు చేర్చు. మీ ఊరి సచివాలయంలో ఆదాయ, కుల ధ్రువపత్రాలకు ఈ వారమే అర్జీ పెట్టించు. అందులో పేరు, ఇంటిపేరు పదో తరగతి మార్కుల పత్రంలో ఉన్నట్లే అక్షరం తేడా లేకుండా ఉండాలి. కొత్త పట్టికను ఖర్చుల వరుసలతో సహా సంక్రాంతికి వచ్చేటప్పుడు తీసుకురా. భోగి మరునాడు తీరికగా కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
మీ పెద్దమామ