టెక్ సందేహాలు: గీతలు నిండా ఉన్నా వీడియో కదలదు!

ప్రశ్న: కర్నూలులో రెండో అంతస్తులో ఉంటాం. డాబా ఎక్కితే ఇటొక టవర్, అటొక టవర్, రెండూ మా ఆపరేటర్‌వే. ఫోనులో సిగ్నల్ గీతలు నిండుగా ఉంటాయి కానీ సాయంత్రమైతే వీడియో కదలదు. దుకాణంలో బూస్టర్ పెట్టుకోమన్నారు. కాల్స్ తెగకుండా 2జీకి మార్చుకోమని మిత్రుడు చెప్పాడు. ఏం చేయమంటారు?

జవాబు: ఇదే ఉత్తరం కడప నుంచి, అనంతపురం నుంచి కూడా వచ్చింది. ఊరి పేరు మారిందంతే.

మీకు సిగ్నల్ తక్కువై కాదు, ఎక్కువై ఈ కష్టం. వినాయక చవితికి పక్కపక్క వీధుల మైకుల్లో రెండు వేర్వేరు పాటలు మోగితే మధ్య ఇంటివారికి ఏ పాటా అర్థం కాదు. 4జీలో పక్కపక్క టవర్లు సాధారణంగా ఒకే పౌనఃపున్యాన్ని వాడతాయి. సాయంత్రం వాడకం పెరిగేకొద్దీ రెండో మైకు ఇంకా ఎక్కువగా మోగుతుంది. 1948లో అమెరికా గణితవేత్త క్లాడ్ షానన్ చెప్పిన సూత్రం ప్రకారం కావలసిన సిగ్నల్, అడ్డొచ్చే సిగ్నల్ సమానమైతే వాడే పౌనఃపున్య వెడల్పులో ఒక్కో హెర్ట్జ్‌కు సెకనుకు 1 బిట్ మించి పోదు. కావలసినది వంద రెట్లుంటే 6.7 బిట్ల దాకా పోతుంది. మీ గీతలు చూపేది మోత ఎంతన్నదే, పాట తెలుస్తోందా అన్నది కాదు. ఎంత సిగ్నల్‌కు ఎన్ని గీతలో కూడా ఒక్కో తయారీదారుది ఒక్కో లెక్క. ఈ అలంకారాన్ని ఇన్నేళ్లుగా తెర మీద ఎందుకు మోస్తున్నామో!

టవర్లు పొత్తు పెట్టుకోలేవా అంటే, పెట్టుకోగలవు. 4జీ ప్రమాణాల 11వ విడుదలలోనే ఆ ఏర్పాటు ఉంది. రెండూ ఒకే పాటను ఒకే తాళంలో వేయవచ్చు. లేదా ఒకటి మీకు పాడుతుంటే రెండోది తన యాంటెన్నాలతో మీ ఇంటి వైపు మాత్రం మౌనం పాటించవచ్చు. యాంటెన్నాలు ఎక్కువైతే ఆ గురి మెరుగవుతుంది. అయితే కాగితం మీది లాభం వీధిలోకి వచ్చేసరికి సగం కరుగుతుంది. ఫోను రెండు దారుల స్థితినీ కొలిచి పంపాలి, మీరు బస్సులో ఉంటే ఆ కబురు చేరేలోపే పాతబడుతుంది. టవర్ల మధ్య మంచి ఫైబర్ కావాలి. 4జీలో రెండు ప్రసారాలూ దాదాపు 4.7 మైక్రోసెకన్లకు మించిన తేడాతో చేరితే, అంటే కాంతి 1.4 కిలోమీటర్లు పోయేంత ఆలస్యమైతే, సాయం కాస్తా రొదవుతుంది. పొత్తులో లేని మూడో టవర్ రొద ఎలాగూ ఉండనే ఉంది.

బూస్టర్ కొనకండి. అది రెండు మైకులనూ కలిపే పెంచుతుంది. అనుమతి లేకుండా పెట్టడం చట్టవిరుద్ధం, వీధి వీధికీ ఇబ్బంది.

నన్ను నిజంగా భయపెట్టింది మీ మిత్రుడి సలహా. 2జీలో నెట్‌వర్క్ మీ సిమ్‌ను పరీక్షిస్తుంది గానీ, అవతల ఉన్నది అసలు టవరా కాదా అని ఫోను అడగదు. కారు డిక్కీలో పట్టే పరికరంతో నకిలీ టవర్ నిలబెట్టి, బ్యాంకు పేరుతో సందేశం పంపవచ్చు. అది ఆపరేటర్ గుండా రాదు కాబట్టి అక్కడి వడపోతలేవీ దాన్ని ఆపలేవు. పెద్దవాళ్ల ఫోన్లలో బ్యాటరీ మిగులుతుందని 2జీ పెట్టి ఇచ్చే పిల్లలను చూస్తే నాకు కోపం ఆగదు. ఆండ్రాయిడ్ 12 నుంచి చాలా ఫోన్లలో 2జీని పూర్తిగా ఆపే మీట ఉంది. సిమ్ సెట్టింగుల అడుగున దాచిన ఆ మీటను ఈ రోజే వెతికి 2జీని ఆపండి.

ఇక మీ వీడియో సంగతి. ఒక టవర్‌కు గోడ అడ్డుగా ఉండే గదిలో కూర్చుని చూడండి. గీతలు రెండుకు పడిపోయినా వేగం పెరగవచ్చు.