అందరిదీ తప్పే అంటే ఎవరిని అడగాలి?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లె. మూడెకరాల వరి చేను, చుట్టూ నాలుగు రొయ్యల చెరువులు. ఉప్పు తగిలి దాళ్వా (రబీ) పైరు సగం మాడిపోయింది. పెద్దమనుషులు కూర్చుని "అన్ని చెరువులదీ తప్పే, నీ గట్టూ బాగాలేదు, ఎవరి మీదని వేస్తాం" అని లేచిపోయారు. కోర్టుకి వెళ్లొచ్చా?

జవాబు: వెళ్లొచ్చు. ఎవరి నీళ్లు ఎంత వచ్చాయో ముందే మీరు తేల్చుకోనక్కర్లేదు. ఎవరిని అడగాలో సందేహం ఉన్నప్పుడు అందరినీ ప్రతివాదులుగా చేర్చి, ఎవరు ఎంతవరకు బాధ్యులో తేల్చమని కోర్టునే అడగొచ్చు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 1 రూల్ 7 ఉన్నది అందుకే. చెరువు లీజుకిచ్చి ఉంటే లీజుదారుతో పాటు భూమి యజమానినీ చేర్చండి.

నష్టం విడదీయడానికి వీలైతే ఎవరి వాటా వారిదే. వీలుకాకపోతే మొత్తం పరిహారం ఏ ఒక్కరి దగ్గరైనా రాబట్టుకోవచ్చు, వాటాల లెక్క వాళ్లలో వాళ్లు చూసుకోవాలి. రోడ్డు ప్రమాదాల విషయంలో సుప్రీంకోర్టు 2015లో ఖెన్యేయి కేసులో చెప్పింది ఇదే. మీ కేసులో అవతలి లాయర్లు "మా చెరువు వాటా చాలా తక్కువ" అనే వాదిస్తారు.

దాన్ని తిప్పికొట్టడానికి సాక్ష్యం కావాలి కాబట్టి పైరు చేలో ఉండగానే కదలండి. కోత కోసి, దున్నేశాక వచ్చే రైతుల్ని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. దావాతో పాటే ఆర్డర్ 26 రూల్ 9 కింద అడ్వొకేట్ కమిషనర్‌ని (చేను చూసి రిపోర్టు ఇవ్వడానికి కోర్టు పంపే లాయర్‌ని) వేయమని పిటిషన్ పెట్టండి. తూములు ఎటు ఉన్నాయో, మురుగు బోదెలోకి ఎవరు వదులుతున్నారో, ఏ గట్టు నుంచి ఊట వస్తోందో ఆయన చూసి రాస్తారు. ఒక్కో చెరువు వైపు నుంచి విడివిడిగా మట్టి, నీళ్లు పరీక్షకి పంపించండి. మట్టి ఈసీ (ఉప్పు ఎంతుందో చెప్పే విద్యుత్ వాహకత కొలత) మీటరుకి 4 డెసీసీమెన్స్ దాటితే ఉప్పు నేల కిందే లెక్క.

మీ గట్టు సంగతి దాచకండి. మీ అజాగ్రత్త రుజువైతే ఆ మేరకు పరిహారం తగ్గొచ్చు, అంతేగానీ దావా కొట్టుకుపోదు. అయినా ఉప్పునీళ్లు తెచ్చి నిలబెట్టినవాళ్లే వాటిని తమ హద్దులో ఉంచుకోవాలి, ఆ భారం మీ గట్టు మీద వేయడం అన్యాయం.

పరిహారానికి గడువు మూడేళ్లు. ఇకపై నీళ్లు వదలకుండా ఇంజంక్షన్ (కోర్టు నిషేధ ఉత్తర్వు) కూడా కోరండి. ఈలోగా ఎవరో ఒకరు రాజీకి వస్తే డబ్బు తీసుకోండి గానీ, "ఇక ఎవరి మీదా క్లెయిమ్ లేదు" అన్న కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి.