ఎక్కడో చమురు సరఫరా ఆగితే మన వీధిలోని చిన్న హోటల్‌కు ఏమవుతుంది?

టిఫిన్ సెంటర్ పెట్టాలనుకుంటున్నానని, విదేశాల్లో చమురు సరఫరా దెబ్బతింటే ఆ సెగ నిజంగా మనదాకా వస్తుందా అని అడిగారు. వస్తుందండి. హైదరాబాద్‌లో మాకు కర్రీ పాయింట్ ఉంది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక మాకది అనుభవంలోకి వచ్చింది.

మన దేశం వాడే వంట గ్యాస్‌లో సగానికి పైగా దిగుమతే. అందులో ఎక్కువ భాగం గల్ఫ్ నుంచి హర్మూజ్ జలసంధి దాటి రావాలి. ఇంటి బండ ధర పెంచడానికి ప్రభుత్వం వెనకాముందాడుతుంది. మనం వాడాల్సిన 19 కిలోల వాణిజ్య సిలిండర్‌కు ఆ మినహాయింపు లేదు, సాధారణంగా ఒకటో తేదీనే ధర మారిపోతుంది. 2022 మే 1న ఒక్కసారే రూ.102.50 పెరిగి ఢిల్లీలో రూ.2,355.50కి చేరింది.

గ్యాస్ ఒక్కటే అయితే ఎలాగో తట్టుకునేవాళ్లం. మనకు పొద్దుతిరుగుడు నూనె ప్రధానంగా ఉక్రెయిన్ నుంచే వచ్చేది, అది ఆగింది. పామాయిల్‌కు మారదామంటే ఏప్రిల్ 28న ఇండోనేషియా ఎగుమతులు ఆపేసింది, మే 23 దాకా ఇవ్వలేదు. అదే ఏడాది మార్చి చివర మొదలై డీజిల్ రెండు వారాల్లో లీటరుకు దాదాపు పది రూపాయలు పెరగడంతో మార్కెట్ నుంచి కూరగాయలు తెచ్చే ఆటో కిరాయి పెరిగింది. కూర కట్టిచ్చే ప్లాస్టిక్ కవరు కూడా చమురు నుంచి వచ్చేదే కదా, దాని కిలో రేటూ పెరిగింది.

అసలు కష్టం ఇవేవీ కావు. మన దగ్గర కొనేవాళ్ల ఇళ్లలోనూ అదే సమయంలో గ్యాస్, పెట్రోలు భారమవుతాయి. రోజూ రెండు కూరలు, ఒక వేపుడు తీసుకెళ్లే ఆవిడ “ఈ రోజు పప్పు ఒక్కటే చాలు అక్కా” అనడం మొదలుపెట్టింది. అలాంటివారికి ధర పెంచి చెప్పడానికి నోరు రాదు. ప్యాకెట్‌లో గరిటె తగ్గిస్తే ఇంట్లో పిల్లలకు చాలదు. మేము ధర కదపకుండా దొండకాయ, బెండకాయ వేపుళ్లు తగ్గించి పులుసులు, పప్పుకూరలు పెంచాం. లాభం సన్నబడింది కానీ రోజూ వచ్చేవాళ్లు పోలేదు.

చిన్న వంటవాళ్లకూ ధరలో కొంత రక్షణ ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను. అది వచ్చేదాకా మీరు నూనె ఎక్కువ తాగే పూరీ, గారెల మీదే ఆధారపడకండి, ఇడ్లీకి పెద్దపీట వేయండి. నెలవారీ ఖాతాలు ఒప్పుకుంటే ఒకటో తేదీ సిలిండర్ ధర చూశాకే రేటు చెప్పండి.