పాఠకుల ప్రశ్నలు: ఏ ఎక్సాన్ పోయిందో రిపోర్టులో చూశారా?

పిల్లల కండరాల జబ్బులు, మైటోకాండ్రియా (కణంలో శక్తి తయారుచేసే భాగాలు) జబ్బులు, వాటి మీద జరుగుతున్న పరిశోధనల గురించి వచ్చిన ఉత్తరాలకు ఈసారి జవాబులు. ఒకేలాంటి ప్రశ్నలను కలిపేశాం.

ప్రశ్న: మా బాబుకు అయిదేళ్లు. మెట్లెక్కాలంటే రెయిలింగు పట్టుకుంటాడు. కింద కూర్చుంటే తొడల మీద చేతులు ఊని లేస్తాడు. పిక్కలు మాత్రం గట్టిగా, లావుగా ఉన్నాయి. ఎస్‌జీపీటీ ఎక్కువగా ఉందని ఆరు నెలలు లివర్ మందులు వాడాం. ఇప్పుడు సీపీకే (కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) చేయిస్తే 14,000 వచ్చింది. కండరం ముక్క తీయించాలా?

జవాబు: ముందు లివర్ సంగతి. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనే ఎంజైములు కాలేయంలోనే కాదు, కండరంలోనూ ఉంటాయి. కండర కణాలు చిట్లితే రెండూ రక్తంలోకి వస్తాయి. కాలేయం దెబ్బతింటే పెరిగే జీజీటీ అలా రాదు. అందుకే ఎస్‌జీపీటీ పెరిగి జీజీటీ, బిలిరుబిన్ మామూలుగా ఉన్న పిల్లవాడికి మొదట చేయించాల్సింది సీపీకే. అది చేయించకుండా లివర్ బయాప్సీ దాకా వెళ్లిన పిల్లలూ ఉన్నారు.

మీరు చెప్పిన లక్షణాలకు ఈ సీపీకే తోడైతే మొదట అనుమానించాల్సింది డుషెన్ మస్క్యులర్ డిస్ట్రొఫీ, అంటే డిస్ట్రోఫిన్ అనే ప్రొటీన్ లేక కండరాలు క్రమంగా క్షీణించే జన్యు జబ్బు. కండరం ముక్క ఇప్పుడే వద్దు, రక్తంతో జన్యు పరీక్ష చాలు. డిస్ట్రోఫిన్ జన్యువులో 79 ఎక్సాన్లు (ప్రొటీన్ రాత ఉండే ముక్కలు) ఉంటాయి. వాటిలో ఏవి పోయాయో, ఏవి రెండేసిసార్లు వచ్చాయో ఎంఎల్‌పీఏ పరీక్ష చెబుతుంది. పదిమంది పిల్లల్లో ఏడెనిమిది మందికి కారణం అక్కడే దొరుకుతుంది. 79 ఎక్సాన్లూ చూస్తారా అని ల్యాబును ముందే అడగండి. పాత పద్ధతి పీసీఆర్ కొన్ని ఎక్సాన్లనే చూసేది. దాంట్లో పోయిన భాగం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తేలదు, మందు ఎంపికకు కావాల్సింది సరిగ్గా ఆ హద్దులే. ఒకే ఒక్క ఎక్సాన్ పోయినట్టు వస్తే ఇంకో పద్ధతిలో నిర్ధారించుకోవాలి. పరీక్షలో వాడే ప్రోబ్ (చిన్న డీఎన్‌ఏ ముక్క) అతుక్కునే చోట జన్యువు రాతలో ఒక్క అక్షరం మారినా ఎక్సాన్ మొత్తం లేనట్టే కనిపిస్తుంది.

ఎంఎల్‌పీఏలో ఏమీ దొరక్కపోతే జన్యువు మొత్తం సీక్వెన్సింగ్ చేయించాలి. అందులోనూ దొరక్కపోతే అప్పుడు కండరం ముక్క. తల్లికీ పరీక్ష అవసరం. సుమారు మూడింట రెండు వంతుల సందర్భాల్లో తల్లి క్యారియర్, అంటే లోపమున్న జన్యువును మోస్తున్న మనిషి. క్యారియర్ అని తేలితే ఆమె గుండెను కూడా అప్పుడప్పుడు చూపించుకోవాలి. ఈ మాట చాలామందికి ఎవరూ చెప్పరు.

ప్రశ్న: మా అబ్బాయికి 50వ ఎక్సాన్ ఒక్కటే లేదు, ఇంకో పద్ధతిలోనూ నిర్ధారించారు. ‘ఎక్సాన్ స్కిప్పింగ్’ ఇంజెక్షన్ పనిచేస్తుందంటున్నారు. ఉన్నది చాలక ఇంకొకటి తీసేస్తే మేలెలా జరుగుతుంది? జీన్ థెరపీ మంచిదా?

జవాబు: కణం జన్యువును మూడేసి అక్షరాల చొప్పున చదువుతుంది. ‘పలక పడవ గడప కలప’ అని రాసుకుని, పడవలోని ‘ప’ ఒక్కటి తీసేసి మళ్లీ మూడేసి చొప్పున చదవండి: ‘పలక డవగ డపక లప’. అక్కడినుంచి ఏ మాటకూ అర్థం లేదు. మీ అబ్బాయికి జరిగింది ఇదే. 50వ ఎక్సాన్‌లో 109 అక్షరాలు ఉంటాయి, 109ని మూడుతో భాగిస్తే ఒకటి మిగులుతుంది. 51వ ఎక్సాన్‌లో 233. ఇంజెక్షన్‌తో కణం దాన్ని కూడా దాటేస్తే పోయినవి మొత్తం 342, మూడుతో నిశ్శేషంగా భాగమవుతుంది. మధ్యలో కొంత పోయినా తర్వాతి మాటలన్నీ సరిగ్గా వస్తాయి. పొట్టిదైనా కొంత పనిచేసే డిస్ట్రోఫిన్ తయారవుతుంది. 51ని దాటేస్తే ఉపయోగం ఉండేది డుషెన్ పిల్లల్లో సుమారు 13 శాతం మందికే. కాబట్టి పక్కింటి అబ్బాయి మందు మీ అబ్బాయికి నప్పుతుందనుకోకూడదు.

సిద్ధాంతం అందంగానే ఉంది, ఫలితం అంత గొప్పగా లేదు. 51కి సంబంధించిన ఎటెప్లిర్సెన్‌కు అమెరికాలో 2016లో అనుమతి వచ్చింది. వారం వారం రక్తనాళంలోకి ఎక్కించాలి. అనుమతికి ఆధారంగా చూపిన అధ్యయనంలో డిస్ట్రోఫిన్ పెరిగిన మాట నిజమే, కానీ సగటున మామూలు స్థాయిలో ఒక శాతానికి కూడా చేరలేదు. ఆ మందును నయం చేసే మందుగా లెక్కవేయకండి.

పనిచేసే జన్యువును కణాల్లోకి పంపే జీన్ థెరపీలో చిక్కు కొలతల దగ్గరే ఉంది. డిస్ట్రోఫిన్ ప్రొటీన్‌కు కావాల్సిన రాత ఒక్కటే 11,000 అక్షరాలు దాటుతుంది. దాన్ని మోసుకెళ్లే ఏఏవీ వైరస్‌లో పట్టేది సుమారు 4,700. అందుకే కత్తిరించి ‘మైక్రో డిస్ట్రోఫిన్’ చేశారు. 2023లో అమెరికాలో అనుమతి పొందిన చికిత్స అలాంటిదే. అదే ఏడాది వెలువడిన పెద్ద ట్రయల్ ఫలితాల్లో అది తన ప్రధాన లక్ష్యాన్ని అందుకోలేకపోయింది. 2025లో, నడక ఆగిపోయిన ఇద్దరు పిల్లలు ఈ చికిత్స తర్వాత కాలేయం విఫలమై చనిపోయారు. ఇంకో ముఖ్యమైన విషయం: ఒకసారి తీసుకుంటే ఆ వైరస్ మీద శరీరంలో యాంటీబాడీలు పుట్టి, మళ్లీ తీసుకోవడానికి ఇప్పటికి వీలుండదు. రేపు ఇంతకంటే మంచిది వచ్చినా ఆ తలుపు మూసుకుపోయినట్టే.

ఈలోగా నడకను నిజంగా కొంతకాలం నిలబెడుతున్నవి స్టెరాయిడ్లే. ప్రెడ్నిసలోన్ రోజుకు కిలో బరువుకు 0.75 మిల్లీగ్రాములు, డెఫ్లాజకార్ట్ అయితే 0.9. బరువు, ఎముకలు, కళ్లు చూసుకుంటూ డాక్టరు మోతాదు మారుస్తారు. మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపేయకండి. అడ్రినల్ గ్రంథులు పని మానేసి ఉంటాయి, ప్రాణం మీదికి వస్తుంది. వాంతులై మాత్ర కడుపులో నిలవకపోతే అదీ ఆపేసినట్టే లెక్క, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ప్రశ్న: మా మొదటి పాప ఒళ్లు మెత్తబడి, ఊపిరందక ఎనిమిదో నెలలో పోయింది. ఎస్‌ఎంఏ (వెన్నుపాములోని నాడీకణాలు చనిపోయి కండరాలు నీరసించే జన్యు జబ్బు) కావచ్చన్నారు, పరీక్ష చేయించలేదు. ఎక్సోమ్ పరీక్షలో (జన్యువుల ఎక్సాన్లన్నీ చదివేది) మా ఇద్దరికీ ఏమీ లేదన్నారు. ఇప్పుడు రెండో నెల. ధైర్యంగా ఉండొచ్చా?

జవాబు: ఆ ఎక్సోమ్ రిపోర్టు మీద ఆధారపడకండి. ఎస్‌ఎంఏలో లోపించే ఎస్‌ఎంఎన్1 జన్యువు పక్కనే దాదాపు అచ్చుగుద్దినట్టుండే ఎస్‌ఎంఎన్2 ఉంటుంది. మామూలు ఎక్సోమ్ విశ్లేషణ ఏ ముక్క దేనిదో తేల్చలేక, ఎస్‌ఎంఎన్1 లోపాన్ని వదిలేయవచ్చు. మీ ఇద్దరికీ ఎస్‌ఎంఎన్1 ఏడో ఎక్సాన్ కాపీల సంఖ్య లెక్కించే పరీక్ష (ఎంఎల్‌పీఏ చాలు) ఈ వారమే చేయించండి. ఇద్దరికీ ఒక్కో కాపీయే ఉంటే ప్రతి కాన్పులోనూ ముప్పు 25 శాతం. పదకొండు నుంచి పదమూడు వారాల మధ్య మావి నుంచి నమూనా తీసి చూడవచ్చు. ఒకరికి రెండు కాపీలు వచ్చినా పూర్తిగా నిశ్చింత లేదు. రెండూ ఒకే క్రోమోజోమ్ మీద ఉండి, జత క్రోమోజోమ్ ఖాళీగా ఉండే వాళ్లు కొద్దిమంది ఉంటారు. పాప రక్తపు చుక్క ఎండిన కార్డు గానీ, దాచిన డీఎన్‌ఏ గానీ ఎక్కడైనా ఉందేమో అడగండి. ఆ ఒక్క నమూనా ఈ సందేహాలన్నీ తీర్చగలదు.

గర్భంలో పరీక్ష వద్దనుకుంటే, పుట్టిన రోజే బిడ్డ రక్తం పంపండి. నుసినెర్సెన్, రిస్డిప్లామ్, ఒకేసారి ఇచ్చే జీన్ థెరపీ, మూడింటిలో ఏదైనా లక్షణాలు మొదలవకముందు ఇస్తే చాలామంది పిల్లలు కూర్చోగలుగుతున్నారు, నడవగలుగుతున్నారు కూడా. చనిపోయిన నాడీకణాన్ని ఏ మందూ తిరిగి తేలేదు కాబట్టి ఇక్కడ రోజులు కూడా లెక్కే.

ప్రశ్న: పాపకు రక్తపరీక్షలో లాక్టేట్ (కణాల్లో శక్తి తయారీ కుంటుపడితే పెరిగే పదార్థం) 3.4 వచ్చింది. మైటోకాండ్రియా జబ్బేనా?

జవాబు: నమూనా తీసినప్పుడు పాప ఏడ్చి పెనుగులాడిందా? చేతికి పట్టీ బిగించి ఎంతసేపు ఉంచారు? ఆ రెండింటికే లాక్టేట్ ఇంత పెరగవచ్చు. పట్టీ లేకుండా, ముందే పెట్టిన సూది నుంచి, పాప నిమ్మళంగా ఉన్నప్పుడు ఫ్లోరైడ్ ట్యూబులోకి తీసి, ఐసులో పెట్టి, వెంటనే ల్యాబుకు చేర్చి మళ్లీ చూడాలి. మామూలుగా వచ్చినంత మాత్రాన జబ్బు లేదని కూడా అనలేం.

ప్రశ్న: లీ సిండ్రోమ్ (మెదడును దెబ్బతీసే మైటోకాండ్రియా జబ్బు) అనుమానంతో ఎక్సోమ్ చేయిస్తే ఏమీ దొరకలేదు. ఇప్పుడు మైటోకాండ్రియా డీఎన్‌ఏ, కండరం బయాప్సీ అంటున్నారు. మొదటి పరీక్షలో అది కలిసి ఉండదా?

జవాబు: చాలా ఎక్సోమ్ పరీక్షల్లో ఉండదు. మైటోకాండ్రియాకు 16,569 అక్షరాల సొంత డీఎన్‌ఏ ఉంది, అందులో 37 జన్యువులు. మైటోకాండ్రియాకు కావాల్సిన మిగతా ప్రొటీన్లన్నీ, వెయ్యికి పైగా, కణకేంద్రంలోని జన్యువుల నుంచే వస్తాయి. ఎక్సోమ్ చూసేది ఈ రెండో గుంపును.

పైగా ఒకే కణంలో మైటోకాండ్రియా డీఎన్‌ఏ మంచి కాపీలు, చెడిన కాపీలు కలిసి ఉంటాయి. చెడినవాటి శాతాన్ని బట్టే జబ్బు. ఉదాహరణకు 8993వ స్థానంలో మార్పు 90 శాతం దాటితే సాధారణంగా లీ సిండ్రోమ్ వస్తుంది. అదే శాతం తక్కువైతే తల్లికి ఏ బాధా ఉండకపోవచ్చు. 3243వ స్థానంలో మార్పు రక్తంలో వయసుతోపాటు తగ్గిపోతుంది, మూత్రంలో బాగా దొరుకుతుంది. అందుకే రక్తంతోపాటు ఉదయపు మూత్రం కూడా పంపమంటారు.

బయాప్సీ తప్పనిసరైతే ఒక్కటి ఖాయం చేసుకోండి: ముక్కలో కొంతైనా ఫార్మలిన్‌లో వేయకుండా అక్కడికక్కడే గడ్డకట్టించి, మైనస్ 80 డిగ్రీల్లో దాచాలి. ఫార్మలిన్‌లో పడిన ముక్కతో ఎంజైమ్ పరీక్షలు కుదరవు, అంటే పిల్లవాడికి ఇంకోసారి కోత. చిన్నపిల్లల్లో ‘రాగ్డ్ రెడ్ ఫైబర్స్’ (చెడిన మైటోకాండ్రియా పేరుకుని, రంగు వేస్తే ఎర్రగా కనిపించే కండర పోగులు) తరచు కనిపించవు, అవి లేవని రాస్తే జబ్బు లేదని కాదు. పాత ఎక్సోమ్ డేటాను పారేయనివ్వకండి. కొత్త జన్యువులు బయటపడుతూనే ఉన్నాయి, ఒకటి రెండేళ్ల తర్వాత అదే డేటాను మళ్లీ విశ్లేషిస్తే జవాబు దొరకవచ్చు. తల్లిదండ్రుల నమూనాలు కూడా కలిపితే ‘అర్థం తెలియని మార్పు’ అన్న వాక్యాలు తగ్గుతాయి.

ప్రశ్న: విటమిన్లు, కోఎంజైమ్ క్యూ10, కార్నిటిన్ కలిపిన ‘మైటో కాక్‌టెయిల్’ వాడమంటున్నారు. పనిచేస్తుందా?

జవాబు: అందరికీ పనిచేస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. కొన్ని జబ్బుల్లో మాత్రం ఒక్క విటమినే ప్రాణం నిలబెడుతుంది. ఎస్‌ఎల్‌సీ19ఏ3 జన్యులోపం ఎంఆర్‌ఐలో లీ సిండ్రోమ్‌లాగే ఉంటుంది, కానీ బయోటిన్, థయమిన్‌లకు లొంగుతుంది. అందుకే అనుమానం వచ్చిన రోజే, జన్యు రిపోర్టు కోసం ఆగకుండా ఆ రెండూ మొదలుపెడతారు. క్యూ10 పుట్టుకతోనే తయారుకాని పిల్లలకు క్యూ10, ఏసీఏడీ9 అనే ఎంజైమ్ లోపంలో చాలామందికి రైబోఫ్లావిన్ అలాంటివే. (బయోటిన్ ఎక్కువ మోతాదులో వాడుతుంటే థైరాయిడ్ పరీక్షలు తప్పుగా రావచ్చు, ల్యాబుకు చెప్పండి.) కొవ్వు ఎక్కువ, పిండిపదార్థం తక్కువ ఉండే కీటోజెనిక్ ఆహారం పీడీహెచ్ అనే ఎంజైమ్ లోపంలో మేలు చేస్తుంది, పైరువేట్ కార్బాక్సిలేజ్ అనే ఇంకో ఎంజైమ్ లోపంలో ప్రమాదం. పేరు తేలకుండా మొదలుపెట్టకూడదు.

కాక్‌టెయిల్ కంటే ముఖ్యమైనది ఫిట్స్ మందు. పీఓఎల్‌జీ జన్యులోపం ఉన్న పిల్లలకు వాల్‌ప్రోయేట్ ఇస్తే కాలేయం దెబ్బతిని ప్రాణం పోవచ్చు. ఆ పరీక్ష తేలేదాకా వేరే మందు అడగండి.

ప్రశ్న: మా అబ్బాయికి డుషెన్. కాళ్ల టెండన్లు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లు) సాగదీసే ఆపరేషన్‌కు మత్తు ఇస్తారట. ఏం చెప్పాలి?

జవాబు: సక్సినైల్‌కోలిన్ (మత్తులో కండరాలను సడలించే మందు) వద్దని రాసి ఇవ్వండి. దానితో కండరాల్లోని పొటాషియం ఒక్కసారిగా రక్తంలోకి వచ్చి గుండె ఆగవచ్చు. పీల్చే మత్తు వాయువులు కూడా కండరాన్ని కరిగించగలవు కాబట్టి రక్తనాళంలోకి ఎక్కించే మత్తు అడగండి. ముందుగా గుండెకు ఎకో, ఊపిరి పరీక్ష చేయించాలి. స్టెరాయిడ్ వాడుతుంటే ఆ రోజు అదనపు మోతాదు అవసరం. మైటోకాండ్రియా జబ్బున్న పిల్లలకైతే జాగ్రత్తలు వేరు: ఎక్కువసేపు పస్తు ఉంచకుండా గ్లూకోజ్ ఎక్కించాలి, రింగర్ లాక్టేట్ సెలైన్ వాడకూడదు, ప్రోపోఫాల్ అనే మత్తుమందు గంటల తరబడి నడపకూడదు. ఇదంతా ఒక చిన్న కార్డు మీద రాసి, జన్యు రిపోర్టు నకలుతోపాటు పిల్లవాడి బడి సంచిలో ఒకటి, ఇంట్లో ఒకటి పెట్టండి.