కోతుల లెక్క అడవిలో ఉంది

ప్రశ్న: చంద్రగిరి దగ్గర కొండవార మాకు చేను, తోట ఉన్నాయి. చెనిక్కాయలు ఊరేసరికి కోతుల గుంపు దిగుతుంది. సంక్రాంతికి ఒక్కటీ కనిపించదు. మామిడి పిందె పడగానే మళ్లీ హాజరు. మధ్యలో ఎక్కడికి పోతున్నాయి?
– ఒక రైతు

జవాబు: ఎక్కడికీ పోవు. మీవైపు ఉండేవి తోక పొడవుగా, నెత్తిన పాపిడి తీసినట్టు జుట్టుండే బోనెట్ కోతులు. ఒక్కో గుంపుకీ ఒక ఇలాకా ఉంటుంది. అందులోనే ఏ చెట్టు ఎప్పుడు పండితే అటు జరుగుతాయి.

శేషాచలం అడవిలో ఎండాకాలం తునికి, మోరి, ఈత, ఆపైన నేరేడు, వానలకు సీతాఫలం, చలికి రేగు. సీతాఫలం అయిపోవస్తూ, రేగు ఇంకా పండని అక్టోబరు, నవంబరుల్లోనే మీ చెనిక్కాయ పీకుడుకొస్తుంది. సంక్రాంతినాటికి రేగు పండుతుంది, ఈశాన్య వానలకు లోయల్లో చిగురూ పురుగూ దొరుకుతాయి, ఇక చేనితో పనేముంది? ఫిబ్రవరి, మార్చి మళ్లీ కష్టకాలం. ఆకు రాలి, వంకలు ఎండుతాయి. పిల్లతల్లులు ఎక్కువగా ఉండేదీ అప్పుడే. అందుకే పిందెల మీద పడతాయి.

చెనిక్కాయ విత్తిన 40–45 రోజులకు ఊడలు దిగి కాయ కట్టడం మొదలవుతుంది. కాపలా అప్పటినుంచి కావాలి, ముఖ్యంగా పొద్దున, సాయంత్రం. కోతి చేలో కూర్చుని తినదు. దవడ సంచులు నింపుకుని గట్టుమీద చెట్టెక్కి నములుతుంది. చేనికి ఆనుకున్న కొమ్మలు కొట్టేస్తే ఆ ధీమా పోతుంది. పీకిన చెనిక్కాయ చెట్టును చేలోనే కుప్పేసి రోజులకొద్దీ ఉంచకండి, పరిగె కూడా ఏరించండి.

సోలార్ కంచె చాలాచోట్ల ఎందుకు పనిచేయదంటే, తీగ మీదికి దూకిన కోతి కాలు నేలను తాకదు, షాక్ కొట్టదు. కరెంటు తీగ ఒకటి, ఎర్త్ తీగ ఒకటి మార్చి మార్చి దగ్గరగా కట్టాలి. తీగను తాకే కలుపు కోయకపోతే కరెంటు నేలలోకి కారిపోతుంది.

వంకలో మేడిచెట్టును మాత్రం నరకొద్దు. మేడి, రావి, జువ్వి చెట్లన్నీ ఒకేసారి పండవు కాబట్టి కరువు నెలల్లో గుంపును అడవిలో నిలిపేవి అవే.

ప్రశ్న: ఎండాకాలం అలిపిరి మెట్ల దారిలో కోతులకు అరటిపండ్లు పెట్టొచ్చా?
– తిరుపతి నుంచి ఒక భక్తురాలు

జవాబు: వద్దమ్మా. ఏడాది పొడుగునా దారిలోనే దొరికితే గుంపు అడవిలోకి తిరిగిపోదు. పైగా రేపు చేతిలో సంచితో వచ్చే ముసలమ్మ మీద పడుతుంది.