మెథోట్రెక్సేట్ మీద పీహెచ్‌డీ మొదలెడుతున్న చిట్టికి

చిట్టీ,

నీ మెసేజ్ రాత్రే చూశా, కానీ ఫోన్లో ఆ చిన్న అక్షరాలతో కుస్తీ పట్టడం నా వల్ల కాక పొద్దున్నే కాఫీ తాగి కంప్యూటర్ ముందు కూర్చున్నా. సీటొచ్చిందన్నావు, టాపిక్ మెథోట్రెక్సేట్ రెసిస్టెన్స్ అన్నావు, అంటే క్యాన్సర్‌కీ కీళ్ళవాతానికీ వాడే ఆ మందుకి కణాలు లొంగకుండా పోవడం, చాలా సంతోషం. పనిలో పనిగా "పాత మందు కదా పెద్దమ్మా, అందులో ఇంకేం మిగిలింది" అని కూడా అన్నావు చూడు, అక్కడ మాత్రం నాకు చెయ్యి ఊరుకోలేదు.

ఆ పాత మందు కథ బొంబాయి మిల్లుల్లో మొదలైందే. కడుపుతో ఉన్న మిల్లు ఆడవాళ్ళకి రక్తం పట్టకపోతే లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ ఈస్ట్ సారం పెట్టి చూసింది, తగ్గింది, 1931లో పేపర్ రాసింది. అందులో పనిచేసింది ఫోలేట్ అనే బి విటమిన్ అని తర్వాతెప్పుడో తేలింది. ఆ విటమిన్ రూపమే అయిన ఫోలిక్ యాసిడ్‌ని ల్యాబ్‌లో తయారుచేసిన టీముని నడిపింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు, అమెరికాలో లెడర్లే కంపెనీలో. ఇక బోస్టన్‌లో ఫార్బర్ అనే డాక్టరు, లుకేమియా (రక్త క్యాన్సర్) పిల్లలకి ఫోలిక్ యాసిడ్ జాతి మందులిస్తే జబ్బు తగ్గకపోగా ఎగదోసినట్టు కనిపించింది, అయితే దీన్ని అడ్డుకునేది ఇస్తే సరి కదా అనుకున్నాడు, అలా అడ్డుకునే అమినోప్టెరిన్ అనే మందు వెళ్ళింది కూడా సుబ్బారావు గారి టీము నుంచే. 1948 పేపర్లో 16 మంది పిల్లల్లో 10 మందికి తగ్గింది, కానీ కొన్నాళ్ళే, మళ్ళీ తిరగబెట్టింది. ఆ తిరగబెట్టడమే ఇప్పుడు నీ థీసిస్. అమినోప్టెరిన్‌కి తమ్ముడి వరసే నీ మెథోట్రెక్సేట్.

మెకానిజం నీకు తెలిసిందే, ఫోలేట్‌ని కణానికి పనికొచ్చేలా మార్చే డీహెచ్ఎఫ్ఆర్ ఎంజైమ్‌ని పట్టుకుంటుంది, డీఎన్ఏకి ఇటుకలాంటి థైమిడిన్ తయారీ ఆగిపోతుంది, డీఎన్ఏ కాపీ అవదు. రెసిస్టెన్స్ వచ్చిన కణాలు ఆ ఎంజైమ్ జీన్ కాపీలే పెంచేసుకుంటాయని 1978లో షిమ్కీ అనే శాస్త్రవేత్త టీము వాళ్ళు చూపించారు, లేదా మందుని లోపలికి తెచ్చే ట్రాన్స్‌పోర్టర్ ప్రోటీన్‌ని తగ్గించుకుంటాయి. ఇదంతా పుస్తకంలో ఉంటుంది, చదువుకో. పుస్తకంలో దొరకనిది నేను చెప్తా.

నా పీహెచ్‌డీ థర్డ్ ఇయర్లో మందు ఎంత పోసినా కణాలు చావలేదు. ఒక మైక్రోమోలార్, పది, వంద, ఊహూ, చక్కగా పెరుగుతూనే ఉన్నాయి. అబ్బో, కొత్త రెసిస్టెన్స్ పట్టేశానని పోస్టర్ కూడా అచ్చు వేయించా. మా ల్యాబ్‌లో పాత టెక్నీషియన్ ఒకాయన ఫ్రిజ్ సర్దుతూ నా మీడియం (కణాలకి పోసే పోషక ద్రవం) సీసా లేబుల్ చూసి, "అమ్మా, ఇందులో ఎఫ్12 అనే మీడియం కలిసుంది కదా, మీ కణాలు మందు తింటూ భోజనం కూడా చేస్తున్నాయి" అన్నాడు. ఎఫ్12లో థైమిడిన్, డీఎన్ఏకి కావలసిన ఇంకో సరుకు హైపోజాంతిన్, రెండూ ఉంటాయి చిట్టీ! కణానికి తయారీతో పని ఏముంది, రెడీమేడ్ పెట్టేస్తుంటే? పక్క స్టూడెంట్ సీసా అరువు తెచ్చుకున్నా అన్నమాట. యాంటీబాడీల కోసం రెండు కణాల్ని కలిపే హైబ్రిడోమా వాళ్ళు, కావలసిన కణాల్ని ఏరడానికి వాడే హ్యాట్ మీడియం నడిచేదే ఈ కిటుకు మీద, అది చదివి పరీక్ష పాసయిన దాన్నే నేను. ఆరు నెలలు పోయాయి. పోస్టర్ ఇంకా అటక మీద ఉంది, మీ పెదనాన్న పారెయ్యనివ్వడు, ఎవరొచ్చినా చూపించి నవ్విస్తాడు.

కాబట్టి మీడియంలో ఏముందో గ్రాముల దాకా చదువు. మీడియంలో కలిపే సీరం కూడా డయలైజ్ చేసిందే (చిన్న అణువులు తీసేసిందే) వాడుకో, మామూలు సీరంలోనూ ఆ రెండూ ఉంటాయి. ఎలుకల రక్తంలో థైమిడిన్ మనకన్నా చాలా ఎక్కువ, అందుకే ఎలుకలో పనిచేయలేదని యాంటీఫోలేట్‌ని (ఫోలేట్‌ని అడ్డుకునే మందుని) తీసిపారెయ్యకు, ఎలుకలో చూసింది మనిషికి అంటగట్టకు. ఇంకోటి, ఒకే డోస్‌తో గ్రాఫ్ గీసి నాకు పంపొద్దు, నానోమోలార్ (మైక్రోమోలార్‌లో వెయ్యో వంతు) నుంచి మొదలెట్టి కర్వ్ మొత్తం తియ్యి, వంద మైక్రోమోలార్ దగ్గర చాలా మందులు కణాలకి ఏదో ఒకటి చేస్తాయి, అది అసలు పని అనుకోకూడదు.

డోస్ అంటే గుర్తొచ్చింది. మీ గైడ్‌ని అడిగి ఒక్కసారైనా రుమటాలజీ (కీళ్ళవాతం) ఓపీలో కూర్చో. వేళ్ళు వంకర్లు పోయి చీర కుచ్చిళ్ళు కూడా పెట్టుకోలేని ఆవిడకి ఇదే మందు వారానికి ఒక్కసారి, కొన్ని మిల్లీగ్రాములే ఇస్తారు, మిగతా రోజుల్లో ఫోలిక్ యాసిడ్ బిళ్ళ. వారానికోసారి అన్నది సరిగ్గా వినక రోజూ మింగితే నోరంతా పుళ్ళు, రక్తకణాలు పడిపోతాయి, ప్రాణం మీదకొస్తుంది. అదే మందు కొన్ని క్యాన్సర్లలో గ్రాముల్లో ఎక్కించి, వెనకాలే ల్యూకోవోరిన్ అనే ఫోలేట్ రకం మందుతో మంచి కణాల్ని కాపాడుకుంటారు. కీళ్ళ దగ్గర పనిచేసేది వాపుని తగ్గించే అడినోసిన్ పెరగడం వల్ల అంటారు ఎక్కువమంది, అంటే డీహెచ్ఎఫ్ఆర్ కథ కాదు, అక్కడ కథే వేరు. నువ్వు ఏ జబ్బు గురించి మాట్లాడుతున్నావో ముందు నీ నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకో, తర్వాతే ప్లేట్లలో కణాలు పెంచడం మొదలెట్టు.

పౌడర్ తూచేటప్పుడు గ్లవ్స్ మర్చిపోకు, నీళ్ళలో కరగట్లేదని కంగారుపడకు, కాస్త సోడియం హైడ్రాక్సైడ్ వేస్తే కరుగుతుంది, వెలుతురు పడకుండా ఫాయిల్ చుట్టు.

సాయంత్రం ల్యాబ్‌కి వెళ్ళాక నీ మీడియం సీసా లేబుల్ ఫోటో తీసి పంపు. మూత కాదు, వెనక వైపు.

మీ పెద్దమ్మ